ఎక్స్‌కామ్: నాలుగోసారికి గట్టెక్కాను

ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ అనే వీడియో గేమ్‌లో క్లాసిక్ అనే కష్టమైన స్థాయిని ఐరన్‌మ్యాన్ పద్ధతిలో ఆడి మూడుసార్లు ఓడిపోయాను, నాలుగోసారి పూర్తి చేశాను. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర చొప్పున ఆడితే అయిదు నెలలు పట్టింది. ఇన్నాళ్ళు ఒకే ఆటతో గడిపితే దాని గొప్పతనమూ తెలుస్తుంది, అది ఎక్కడ కుంటుతుందో కూడా తెలుస్తుంది. ఈ ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఈ రెండూ చెప్పాలనిపించింది.

ఇది 2012 అక్టోబరులో వచ్చిన ఆట. ఫిరాక్సిస్ సంస్థలో జేక్ సాలమన్ నాయకత్వంలో తయారైంది. దీనికి మూలం 1994లో జూలియన్ గాలప్ రూపొందించిన ఆట. కథ సులభం: గ్రహాంతర జీవులు భూమి మీదకు దిగుతాయి, 16 దేశాల మండలి మనకు డబ్బిచ్చి ఎదుర్కోమంటుంది. ఆ పదహారింటిలో భారతదేశం కూడా ఉంది. ఎనిమిది దేశాలు మండలి వదిలిపోతే మన పని ముగిసినట్టే. ఐరన్‌మ్యాన్ అంటే ఒక్కటే సేవ్. మనం ఏం చేసినా ఆట తనంతట తానే దాన్ని భద్రపరుస్తుంది. వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునే వీలు లేదు. చనిపోయిన సైనికుడు చనిపోయినట్టే.

చిన్నప్పుడు తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీసి మాకు పులిజూదం నేర్పారు. మూడు పులులు, పదిహేను మేకలు. అందులో అదృష్టానికి చోటు లేదు, ఓడితే తప్పు మనదే. గవ్వలాటలో అలా కాదు, గవ్వ ఎలా పడితే అలా నడవాలి. ఈ ఆట ఆ రెండింటినీ ఒకచోట చేర్చింది. పులిజూదంలోలా ఆలోచించి ఎత్తు వేయాలి, ఆ తరువాత గవ్వలు విసిరి ఫలితం చూసుకోవాలి. దీని బలమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

లెక్క చెబితే అర్థమవుతుంది. కొత్తగా చేరిన సైనికుడి గురి 65. శత్రువు నడుమెత్తు గోడ చాటున ఉంటే అందులోంచి 20 పోతుంది, నిలువెత్తు చాటున ఉంటే 40 పోతుంది. అంటే 45 శాతం, లేదా 25 శాతం. నలుగురు సైనికులూ వరుసగా 45 శాతంతో కాలిస్తే, నలుగురి గుళ్ళూ వృథా అయ్యే అవకాశం దాదాపు 9 శాతం. చూడటానికి తక్కువగా ఉంటుంది. కానీ పాతిక యుద్ధాలు ఆడేవాళ్ళకు అది తప్పక ఎదురయ్యే సంగతి. అదే శత్రువు పక్కకు చేరి, అతని చాటు పనిచేయని వైపు నుంచి కాలిస్తే ఆ తగ్గింపు ఏదీ ఉండదు. గ్రెనేడ్ అయితే గురి తప్పడమన్నదే లేదు, 3 పాయింట్ల దెబ్బ ఖాయం, పైగా చాటునున్న గోడ కూడా కూలిపోతుంది. అంటే అదృష్టాన్ని నమ్ముకోవలసిన అవసరాన్ని తగ్గించుకునే దారులు ఆటలోనే ఉన్నాయి. నా మొదటి ఓటమిలో నాకు ఈ సంగతి తెలియదు. నిలబడ్డచోట నిలబడి, 45 శాతాలను నమ్ముకుని కాలుస్తూ పోయాను. రెండో నెల ముగిసేసరికి కాస్త ఆరితేరినవాళ్ళు ఒక్కరూ మిగలలేదు.

ఆటలో సైనికుల పేర్లు మార్చుకోవచ్చు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు పక్కన కూర్చుని చూసే మా తమ్ముడు ఒక నియమం పెట్టాడు: మూడు యుద్ధాలు బతికి వచ్చినవాళ్ళకే మా ఇంట్లోవాళ్ళ పిలుపులు. అలా గురి తప్పని స్నైపర్ అమ్మమ్మ అయింది. రాకెట్ మోసే భారీ మనిషి పెదనాన్న. దెబ్బ తగిలినవాళ్ళ దగ్గరకు పరుగెత్తి మందు వేసేవాడు బావ. అందరికంటే ముందుకు దూకి దగ్గర నుంచి కాల్చేది చిన్నత్త.

ఆ రెండో ప్రయత్నంలో, ఏప్రిల్ నెలలో (ఆటలో కథ 2015 మార్చిలో మొదలవుతుంది) ఒక నగరం మీద దాడి జరిగింది. ఇలాంటి యుద్ధాల్లో 18 మంది పౌరులుంటారు, వాళ్ళలో వీలైనంతమందిని కాపాడాలి. క్రిసలిడ్ అనే పురుగులాంటి జీవులను నేను చూడటం అదే మొదటిసారి. మన సైనికులకంటే చాలా వేగంగా పరుగెత్తి వచ్చి గోళ్ళతో చీలుస్తాయి. ఒక పౌరుడిని కాపాడాలని చిన్నత్తను వీధి చివరి దాకా పంపాను. తమ్ముడు "అక్కా, ఆగు, అటువైపు ఇంకా చూడలేదు" అన్నాడు. అప్పటికే నొక్కేశాను. కారు వెనక నుంచి క్రిసలిడ్ వచ్చింది. చిన్నత్త తుపాకీ దానికి రెండు గళ్ళ దూరంలో ఉంది, తెర మీద 85 శాతం. గుండు గోడకు తగిలింది. తరువాతి వంతులో ఆమె చనిపోయింది. క్రిసలిడ్ చేతిలో చనిపోయినవాళ్ళు శవాలుగా ఉండిపోరు. ఆ తరువాతి వంతులో ఆమె లేచి మావాళ్ళ వైపే నడిచింది. ఆమెను అలా వదిలేస్తే కొన్ని వంతుల తరువాత ఆ శరీరంలోంచి ఇంకో క్రిసలిడ్ పుడుతుంది. కాబట్టి కాల్చాలి. అమ్మమ్మ చేత కాల్పించాను. తమ్ముడు లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

స్థావరంలో ఒక స్మారక గోడ ఉంటుంది. దాని ముందుకు వెళితే బ్యాగ్‌పైప్ సంగీతం వినిపిస్తుంది, చనిపోయినవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. ఆ రాత్రి అక్కడ కాసేపు ఉన్నాను. 85 శాతం మీద నాకు కోపం రాలేదు. చూడని వీధిలోకి ఆమెను పంపింది నేను. పాచిక తప్పినా తప్పు నాదేనని ఇంత నిజాయితీగా ఒప్పించిన ఆట నాకు మరొకటి తెలియదు.

ఇక లోపాలు. శత్రువులు గుంపులుగా ఉంటారు. మన సైనికుడి కంటపడిన క్షణంలోనే ఆ గుంపుకు ఒక కదలిక ఉచితంగా దొరుకుతుంది, అందరూ చాటుకు పరుగెడతారు. మన నలుగురిలో ముగ్గురి వంతులు అయిపోయాక నాలుగోవాడు కొత్త గుంపును లేపితే ఇక చేయగలిగింది ఉండదు. అందుకని నేను నేర్చుకున్న పద్ధతి ఇది: కొత్త చోటికి వెళ్ళవలసినవాడు మొదట కదలాలి, చివరివాళ్ళు అప్పటికే చూసిన నేల మీదే కదలాలి. మిగిలినవాళ్ళంతా ఓవర్‌వాచ్‌లో, అంటే శత్రువు కదిలితే కాల్చడానికి కాపు కాసి ఉండాలి. ఈ పద్ధతి గెలిపిస్తుంది. అయితే దీని వల్ల ఆట నత్తనడక నడుస్తుంది. నాలుగు గళ్ళు జరగడం, కాపు కాయడం, మళ్ళీ నాలుగు గళ్ళు. గెలిపించే దారే విసుగు పుట్టించే దారి కావడం పెద్ద లోపం. 2013 నవంబరులో ఈ ఆటకే విస్తరణగా వచ్చిన ఎనిమీ విథిన్‌లో దీనికి మందు వేశారు: కొన్ని వంతులు గడిస్తే పాడైపోయే మెల్డ్ అనే విలువైన పదార్థం డబ్బాలను యుద్ధభూమిలో పెట్టి, తొందరపడితే లాభం ఉండేలా చేశారు. 2016లో వచ్చిన ఎక్స్‌కామ్ 2లో చాలా యుద్ధాలకు వంతుల గడువే పెట్టారు.

రెండో లోపం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక గడిలోకి వెళితే అక్కడ నుంచి శత్రువు కనిపిస్తాడా లేదా అన్నది వెళ్ళకముందు ఆట చెప్పదు. కిటికీ పక్కన నిలబడితే కాల్చవచ్చనుకుని పంపిస్తాం, వెళ్ళాక చూస్తే కాల్చే వీలే ఉండదు. నిజమైన సైనికుడికి ఆ సంగతి కంటితో తెలుస్తుంది. ఆడేవాళ్ళు మాత్రం ఊహించాలి. పాచిక తప్పితే భరించవచ్చు, అది ఆటలో భాగం. కనిపించవలసింది కనిపించక ఒక మనిషిని పోగొట్టుకోవడం వేరు.

మూడో ప్రయత్నం యుద్ధభూమిలో ఓడలేదు, ప్రపంచ పటం మీద ఓడింది. గ్రహాంతర జీవులు మనుషులను అపహరించినప్పుడు మూడు నగరాలు ఒకేసారి సహాయం అడుగుతాయి. ఒక్కచోటికే వెళ్ళగలం, మిగిలిన చోట్ల భయం పెరుగుతుంది. ఒకసారి ఆ మూడింటిలో భారతదేశం ఉంది, బహుమతిగా డబ్బు. ఈజిప్టుకు వెళితే ఇంజనీర్లు వస్తారు. నేను ఆలోచించకుండా భారతదేశానికి వెళ్ళాను. గెలిచాను కూడా. కానీ ఉపగ్రహాలను నడిపే కేంద్రం కట్టడానికి ఇంజనీర్లు చాలక ఆ నెలంతా పోయింది. ఉపగ్రహం ఉన్న దేశంలో అపహరణలు జరగవు, పైగా ఆ దేశం నెలనెలా డబ్బిస్తుంది. ఉపగ్రహాలు ఆలస్యమైతే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే తుపాకులు ఆలస్యమవుతాయి, తుపాకులు ఆలస్యమైతే మనుషులు పోతారు. జారడం మొదలైతే ఆపడానికి పట్టు దొరకదు. మూడు నెలల తరువాత ఎనిమిదో దేశం వెళ్ళిపోయింది. అది భారతదేశమే.

నాలుగోసారి కూడా దాదాపు అలాంటి ఎంపికే వచ్చింది. ఈసారి ఇంజనీర్ల వైపు వెళ్ళాను. భారతదేశం మీద భయం గుర్తులు అయిదుకు అయిదూ ఎర్రగా నిండాయి. నెలాఖరులో లెక్క చూసేటప్పటికి అవి అలాగే ఉంటే దేశం వదిలిపోవచ్చు. ఒక ఉపగ్రహం తయారు కావడానికి 20 రోజులు పడుతుంది, నేను ముందే మొదలుపెట్టి ఉంచాను. నెల ముగియడానికి రెండు రోజుల ముందు దాన్ని భారతదేశం మీదకు పంపాను. రెండు గుర్తులు ఆరిపోయాయి. ఆ క్షణంలో కలిగిన ఊరట ఏ యుద్ధం గెలిచినప్పుడూ కలగలేదు. మీరు ఈ ఆట మొదలుపెడితే నేను చెప్పేది ఒక్కటే: తుపాకులకంటే ముందు ఉపగ్రహాలు, వాటిని దాచుకుని నెలాఖరులో వాడండి.

ఆ మొదటి మూడు నెలలు గట్టెక్కాక ఆట పట్టు సడలిపోతుంది. ఇది మూడో లోపం, అన్నింటికంటే పెద్దది. మంచి కవచాలు, ప్లాస్మా తుపాకులు వచ్చాక శత్రువులు అందుకోలేకపోతారు. జట్టులో ఎవరు చూసినా అమ్మమ్మ చూసినట్టే, తానున్న చోటు నుంచే కాలుస్తుంది. కల్నల్ అయ్యాక ఒకే వంతులో రెండుసార్లు కాల్చే విద్య వచ్చింది. ఆమె ఒక మేడ మీదకు ఎక్కితే మిగిలినవాళ్ళకు పని ఉండేది కాదు. చివరి రెండు నెలల్లో నేను ఒక్కరినీ పోగొట్టుకోలేదు. అందులో నా నైపుణ్యం కొంత ఉండవచ్చు, ఆట బిగువు తప్పడమే ఎక్కువ. ఏప్రిల్‌లో గుండె చేతిలో పట్టుకుని ఆడిన ఆటను ఆగస్టులో పాటలు వింటూ ఆడాను. చూసిన యుద్ధస్థలాలే మళ్ళీ మళ్ళీ రావడం కూడా అప్పుడే బాగా తెలిసింది. ఆ పెట్రోలు బంకులో ఏ మూల గుంపు ఉంటుందో తమ్ముడు ముందే చెప్పేవాడు.

చివరి యుద్ధానికి మనోశక్తి ఉన్న సైనికుడు ఒకరు కావాలి. ఎవరికి ఆ శక్తి ఉంటుందో పరీక్షిస్తే తప్ప తెలియదు. మావాళ్ళలో అది బావకు వచ్చింది. నాలుగు ప్రయత్నాల్లో అంతదూరం వచ్చిన మొదటి బావ అతనే. శత్రువుల అంతరిక్ష ఓడ లోపల గది తరువాత గది దాటించి అతన్ని చివరిదాకా తీసుకెళ్ళాను. ఆరుగురం వెళ్ళాం, శత్రువు చేతిలో ఒక్కరూ పోలేదు. అయితే కథ బావను వెనక్కి రానివ్వదు. మిగిలిన అయిదుగురినీ పంపించి అతను అక్కడే ఉండిపోయాడు.

ఆట అక్కడితో ముగుస్తుంది. మళ్ళీ స్థావరంలోకి వెళ్ళే వీలు లేదు. తమ్ముడు ఒకసారి గోడ చూద్దామన్నాడు. దారి లేదని చెప్పాను. బావ పేరు ఆ గోడ మీద మేం చూడలేదు.