మా డాబా మీద మూడు కిలోవాట్లు

విశాఖ చుట్టుపక్కల సౌర విద్యుత్ గురించి పెద్ద పెద్ద లెక్కలు వింటూనే ఉన్నాం. ముడసర్లోవ జలాశయం మీద తేలే ప్యానెళ్లు వచ్చాయి. సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద 25 మెగావాట్ల కేంద్రం వచ్చింది. 2025 జనవరిలో పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు, అంటే సౌర, పవన విద్యుత్ లాంటి వాటితో హైడ్రోజన్ తయారుచేసే కేంద్రానికి, శంకుస్థాపన జరిగింది. మా విజయనగరం కూడా విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలోనిదే. ఇంత జరుగుతుంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండకు మండే మా డాబా ఖాళీగా పడి ఉండడం నాకు నచ్చలేదు. అందుకే ఇళ్ల మీద సౌర ప్యానెళ్లకు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాం. పెట్టించుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000 ఇస్తుంది. మొత్తం 78,000. అంతకన్నా పెద్దది పెట్టుకున్నా అంతే. బీసీ కుటుంబాలకు రాష్ట్రం రెండు కిలోవాట్ల వరకు మరో 20,000 ప్రకటించింది. అయితే రాయితీ ముందుగా రాదు. పనంతా పూర్తయి, నెట్ మీటరు (మనం వాడిన కరెంటునూ, బయటికి పంపిన కరెంటునూ లెక్కించే మీటరు) బిగించాక మన ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం ఖర్చు మనమే పెట్టుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. ఈ పథకానికి తాకట్టు లేని రుణం ఇస్తున్నారు.

మాకు అసలు ఆలస్యం దరఖాస్తులో కాదు, అంతకు ముందే జరిగింది. కరెంటు సర్వీసు మా మామగారి పేరు మీద ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బిల్లు కడుతున్నంత కాలం పేరు ఎవరిదైతేనేమి అనుకుంటూ వచ్చాం. కానీ రాయితీ పడే బ్యాంకు ఖాతా, సర్వీసు ఒకే పేరు మీద ఉండాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, మిగతా వారసుల అంగీకారం అన్నీ పోగుచేయాల్సి వచ్చింది. మా వదినగారి సంతకం కోసం పలాస వెళ్లాం.

ఆ ప్రయాణం సంతకం కన్నా ఎక్కువ మేలు చేసింది. కాగితం మీద సంతకం పెడుతూనే వదినగారు, "ప్యానెళ్ల సంగతి తర్వాత, ముందు వాటిని దేనికి కడతారో అడుగమ్మా" అన్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వాళ్ల దగ్గరే తీరం దాటింది. వాళ్ల జీడితోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి. పాక రేకులు పక్క ఊరి పొలంలో దొరికాయి. దాదాపు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ మా విజయనగరంలో చేసిన విధ్వంసం నేను మరిచిపోలేదు.

అందుకే ఇంటికొచ్చిన ప్రతి విక్రేతనూ ధర కన్నా ముందు స్టాండు గురించే అడిగాను. ఒకాయన డాబా మీద సిమెంటు దిమ్మెలు పేర్చి వాటికే బిగిస్తామన్నాడు. "బరువుంటుంది మేడమ్, ఎక్కడికీ కదలదు" అన్నాడు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. వాలుగా పెట్టిన ప్యానెళ్ల కింద దూరిన గాలి వాటిని పైకి లేపుతుంది. మన తీరానికి ఇళ్ల నిర్మాణ ప్రమాణాల్లో చెప్పిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఎన్ని దిమ్మెలు కావాలో లెక్క చూపించమంటే ఆయన దగ్గర లెక్క లేదు. ఆయనను పంపించేశాం.

చివరికి పని చేసినవాళ్లు గాల్వనైజ్డ్ ఇనుముతో స్టాండు చేశారు. శ్లాబులో రంధ్రాలు చేసి, లోపలి దుమ్మంతా ఊది, జిగురు మందు పోసి బోల్టులు దింపారు. ఆ మందు గట్టిపడేవరకు స్టాండును ముట్టుకోనివ్వలేదు. తర్వాత నీళ్లు దిగకుండా ప్రతి కాలి చుట్టూ సిమెంటుతో గట్టు కట్టారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి బోల్టూ చూశాను. స్టాండు ఎత్తుగా ఉంటే కింద బట్టలు ఆరేసుకోవచ్చని అందరూ ఎత్తు పెంచుతున్నారు. మేం తక్కువ ఎత్తులోనే పెట్టించాం. మాకు వడియాలు ఎండబెట్టుకునేందుకు పిట్టగోడ పక్కన కాస్త చోటు చాలు.

ఇంకో విషయం నీడ. ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు. మా నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం ఎంత దూరం సాగుతుందో సుద్దముక్కతో గీత గీసి, దానికి ఇవతల పెట్టించాం. దక్షిణం వైపు వాలు, ఎర్తింగుకు మూడు గుంటలు, ఇవన్నీ వాళ్లే చూసుకున్నారు.

దరఖాస్తు తేలికగానే సాగింది. పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు కాబట్టి అనుమతి చిక్కు రాలేదు. ప్యానెళ్ల ఫొటోలు, వాటి క్రమసంఖ్యలు పోర్టల్‌లో ఎక్కించారు. రాయితీ కావాలంటే ప్యానెళ్లే కాదు, వాటిలోని సౌర ఘటాలు (సెల్స్) కూడా దేశంలో తయారైనవే కావాలి, ఆ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. తర్వాత తనిఖీ, నెట్ మీటరు, రాయితీ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

ఎండ బాగా కాసిన రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తోంది. వానాకాలంలో తగ్గుతుంది. అయినా లాభం ఎక్కడుందో బిల్లు చూస్తే తెలుస్తుంది. మన టారిఫ్‌లో నెలకు 225 యూనిట్లు దాటాక 400 వరకు ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు. గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్లకు, మనం పంపిన యూనిట్లు వాడకంలోంచి తీసేస్తారు కాబట్టి ముందుగా తగ్గేది ఆ ఖరీదైన యూనిట్లే. వేసవిలో ఏసీ నడిపే ఇళ్లకు అందుకే ఇది బాగా గిట్టుబాటు.

పక్కింటి సరోజ అడిగింది, "అక్కా, ఊరంతా కరెంటు పోతే మీ ఇంట్లో ఉంటుందా?" అని. ఉండదు. గ్రిడ్ ఆగితే ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరూ తానే ఆగిపోతుంది, బ్యాటరీ ఉన్న ఏర్పాటు వేరు. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ మీదకు మన ఇంటి కరెంటు వెళ్లకూడదు కదా. హుద్‌హుద్ తర్వాత వాళ్లు రాత్రింబవళ్లు తీగలు లాగిన రోజులు చూసినవాళ్లం, ఈ నియమం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నాకున్న కోరిక ఒక్కటే. వారసత్వం కాగితాలు పూర్తయినప్పుడే సర్వీసు పేరు కూడా మారే ఏర్పాటు చేస్తే ఈ జిల్లాలో చాలా డాబాల మీదకు ప్యానెళ్లు వస్తాయి. సరోజ వాళ్ల సర్వీసు ఇంకా వాళ్ల తాతగారి పేరు మీదే ఉంది. వచ్చే వారం ఇద్దరం కలిసి ఆ కాగితాలు మొదలుపెడుతున్నాం.