టేపు కొక్కెం లూజుగా ఉందని సుత్తితో కొట్టా (నా అనుభవం)

మొన్న జూన్‌లో నిజాంపేటలోనే ఇంకో అద్దె ఇంటికి మారాం. పాత పరుపు నడుం విరగ్గొడుతోందని కొత్తది ఆన్‌లైన్‌లో చూస్తే పొడుగు 72, 75, 78 అంగుళాలని ఉన్నాయి. మనది ఎంతో కొలుద్దామంటే ఇంట్లో స్టీలు టేపు లేదు, అమ్మ కుట్టుమిషన్ సొరుగులో ఉన్న టైలర్ టేపు తీశా. అది 60 అంగుళాలే కదా, 60 దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి మళ్ళీ అక్కణ్ణుంచి మిగతాది కొలిస్తే మొత్తం 74 వచ్చింది. 74 అనే సైజే ఎక్కడా లేదు, అప్పుడైనా డౌట్ రావాలి, నాకు రాలేదు, మన మంచం స్పెషల్ కాబోలనుకుని కస్టమ్ సైజు ఆర్డర్ పెట్టేశా. కస్టమ్ అంటే రిటర్న్ ఉండదు.

పరుపొచ్చింది, వేశాం, తల వైపు అంగుళం సందు. మొదటి రాత్రే ఛార్జింగ్ పెట్టిన ఫోను అందులోంచి జారి కిందకెళ్ళింది, మా ఆవిడ ఏమీ అనలేదు గానీ పొద్దున్నే పాత దుప్పటి చుట్టి అందులో కూరింది.

తర్వాత స్టీలు టేపు కొన్నాక రెండూ పక్కపక్కన పరిచి చూశా. గుడ్డ టేపులో 60 ఉన్నచోట స్టీలు టేపు 60 ముప్పావు చూపిస్తోంది. ఏళ్ళ తరబడి లాగీ లాగీ సాగిపోయింది. సాగిన టేపు ఎక్కువ చూపిస్తుందనుకుంటాం, కాదు, దాని అంగుళమే పెద్దదైపోయింది కాబట్టి మంచం పొడుగులో తక్కువ అంగుళాలు పడతాయి. 75 మంచం 74 అయింది అందుకే. జాకెట్ కొలతకి అదే మంచిది, ఒంటికి చుట్టుకుంటుంది, కానీ చెక్కకీ గోడకీ దాన్ని ముట్టుకోకండి.

స్టీలు టేపు కొనడం కూడా అనుకున్నంత ఈజీ కాదు. నేను చవగ్గా ఉందని 3 మీటర్లది, సన్న పట్టీది తీసుకోబోతుంటే హార్డ్‌వేర్ షాపాయన "ఇంట్లోకైతే 5 మీటర్లది తీస్కోండి సార్, పట్టీ వెడల్పుండాలె" అని రెండూ నా ముందే గాల్లోకి లాగి చూపించాడు. 13 మిల్లీమీటర్ల వెడల్పుది నాలుగైదు అడుగులకే మధ్యలో టక్కున విరిగినట్టు వాలిపోయింది, 19 మిల్లీమీటర్లది ఇంకా నిలబడే ఉంది. ఒంటరిగా కిటికీ కొలిచేవాడికి ఇదే ముఖ్యం, అవతలి కొస పట్టుకునేవాళ్ళు ఎప్పుడూ ఉండరు కదా. ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు ఉన్నదే తీసుకున్నా. టేపు మొదట్లో చిన్న గుండ్రటి గీతలో రోమన్ 2 ఉంది, క్లాస్ 2 అన్నమాట, 5 మీటర్ల మీద అటూ ఇటూ 1.3 మిల్లీమీటర్లకి మించి తేడా ఉండకూడదు. మన పనులకి ఇది చాలు.

ఇంటికొచ్చి చూస్తే కొసన కొక్కెం లొడలొడా ఊగుతోంది. కొత్త వస్తువు అప్పుడే లూజా అని చిరాకేసి, మళ్ళీ షాపుకెవడు తిరుగుతాడులే అని, కొక్కేన్ని లోపలికి నెట్టి, దాన్ని పట్టీకి పట్టి ఉంచే రివెట్ల మీద సుత్తితో నాలుగు దెబ్బలేశా. గట్టిగా బిగిసింది, భలే రిపేర్ చేశాననుకున్నా.

ఆ వారమే గోడ గూట్లో అరలు పెట్టించడానికి కార్పెంటర్ భయ్యా వచ్చాడు, గోరఖ్‌పూర్ అతను, సగం తెలుగు సగం హిందీ. ఒకే చెక్కకి తన టేపు కన్నా నాది 1 మిల్లీమీటరు ఎక్కువ చెప్తుంటే నా టేపు కొస పట్టుకుని చూసి "కిస్‌నే మారా ఇస్‌కో?" అన్నాడు, దీన్నెవరు కొట్టారని. నేనేనని చెప్పలేదు. కొక్కెం కావాలనే కదిలేట్టు పెడతారంట, సరిగ్గా దాని మందం ఎంతో అంత. చెక్క అంచుకి తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, గోడకి ఆనించి నొక్కితే లోపలికి జరుగుతుంది, రెండిట్లోనూ కొక్కెం మందం వల్ల వచ్చే తేడా పోతుంది. నేను దాన్ని ఒకవైపే బిగించేశా.

ఇంక ఈ టేపుకి కొస వాడొద్దు, 10 సెంటీమీటర్ల గీత అంచుకి పెట్టి కొలిచి చివర్లో 10 తీసెయ్యి అన్నాడు. గూడు వెడల్పు ముందు అంచు దగ్గర పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలవమన్నాడు, మూడూ వేరేవేరే వచ్చాయి, పైకీ కిందకీ రెండు సూత్‌లు తేడా. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మిల్లీమీటర్ల పైచిల్లర. ఏ అరకి ఆ అర విడిగా కొలిచి రాయమని కాగితం నా చేతికిచ్చి టీకి వెళ్ళాడు.

రాశా. మూడో అర దగ్గర 10 తీసెయ్యడం మర్చిపోయా. చెక్క కోశాక గూట్లో పట్టలేదు, భయ్యా నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా రంపం తీశాడు. ఆ 10 సెంటీమీటర్ల ముక్క ఇప్పుడు మా వాషింగ్ మెషిన్ కాలు కింద ఉంది.