ఎక్స్‌రేల ఏం లేదన్నరు, మోకాలు మాత్రం జారుకుంటనే ఉండె

మా తమ్మునికి దెబ్బ తగిలింది పోయిన దసరాకు. మాది దేవరకొండ దిక్కు ఊరు, పండుగకు కబడ్డీ పెడ్తరు. వీడు కూతకు పోయి బోనస్ గీత తొక్కి గిర్రున వెనక్కి తిరగబోయిండు, ఎవ్వలు పట్టుకోలే, పాదం మట్టిల ఆడనే ఉంది, పెయ్యి మాత్రం తిరిగింది, మోకాలు లోపల టక్కుమని ఇనవడ్డదట. రెండు గంటలల్ల తాటిపండంత వాచింది.

తెల్లారి ఎక్స్‌రే తీసి "ఎక్స్‌రేల ఏం లేదు, బెణికింది, వారం రెస్ట్ తీస్కో" అన్నరు. ఆ మాట నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకున్నం. నాయిన ఊర్ల కట్టు కట్టే ఆయనతోని గుడ్డు సొన పట్టీ ఏయించిండు, వాపు తగ్గింది, నడిచిండు, ఇగ మంచిగైందనుకున్నం, సంక్రాంతికి మళ్ల గ్రౌండ్‌ల దిగి మళ్ల అట్లనే కూలవడ్డడు. అప్పట్నుంచి మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నది అన్నా అనేటోడు. ఎదురింటి తాత "ఫ్లోరైడ్ నీళ్లు తాగినం గదరా" అన్నడు. మా నల్లగొండల మోకాలు నొప్పి అంటే అందరి నోట్ల అదే మాట, అది ఉత్త భయం గూడ కాదు, మర్రిగూడ దిక్కు వంకరవోయిన కాళ్లు చూసుకుంటనే పెరిగినం. కానీ అది ఏండ్లకేండ్లు ఎముకను పాడుచేసే బాధ, 21 ఏండ్ల పోరని మోకాలు ఒక్కసారి టక్కుమనుడు వేరే.

నల్లగొండల ఎముకల డాక్టరు ముందుగాల స్కాన్ రాయలే. మంచి కాలు పట్టి చూసిండు, తర్వాత దెబ్బ కాలును కొంచెం వంచి, ఒక చేత్తోని తొడ బిగవట్టి ఇంకో చేత్తోని పిక్కపైన పట్టుకొని కింది ఎముకను ముందుకు గుంజిండు. మంచి మోకాలు ఇంతంత కదిలి గట్టిగ ఆగింది. ఇది ఆగలే, వదులైన సొరుగు లెక్క ముందుకొచ్చింది, నేను పక్కనే నిలవడి చూసిన. లాక్‌మన్ టెస్ట్ అంటరట. "ఏసీఎల్ తెగినట్టుంది, మెనిస్కస్ సంగతి గూడ తెలవాలె, ఎంఆర్ఐ తీద్దాం" అన్నడు. ఏసీఎల్ అంటే మోకాలు లోపల తొడ ఎముకను, కింది ఎముకను కలిపి పట్టే ముందటి లిగమెంటు, గట్టి నారపట్టీ అన్నట్టు. మెనిస్కస్ అంటే ఆ రెండు ఎముకల నడుమ మెత్త లెక్క ఉండేది.

స్కాన్ కాడ ఇనుముది, వెండిది అన్నీ తీయమన్నరు. వాని మొలతాడుకు ఉన్న తాయెత్తు అమ్మే ఇప్పి, అరగంట సేపు పిడికిట్ల పట్టుకొని బయట కూసున్నది. కాళ్ల దిక్కు నుంచి లోపలికి పంపుతరు, మోకాలికైతే తల బయటనే ఉంటది, చప్పుడు మాత్రం గట్టిగుంటది, చెవులకు పెట్టుకునేటివి ఇస్తరు. 1.5 టెస్లా మిషన్, అంటే దాని అయస్కాంతం భూమి అయస్కాంతం కంటే దగ్గరదగ్గర 30 వేల రెట్లు బలం. ఎక్స్‌రే లెక్క రేడియేషన్ ఉండదు.

ఫిల్ములు వెలుగుకు పెట్టి డాక్టరు చూపిచ్చిండు, అది మర్వలేను. ఎంఆర్ఐ మన పెయ్యిల నీళ్లు, కొవ్వుల ఉండే హైడ్రోజన్‌ను పట్టి బొమ్మ తీస్తదట, లిగమెంటు బిగుతు నారతోని అల్లుకొని ఉంటది కాబట్టి నల్లగ కనవడాలె. వెనుక లిగమెంటు పీసీఎల్ అట్లనే నల్లగ, ఒంపుగ, మంచిగుంది. దాని ముంగట తొడ ఎముక నుంచి ఏటవాలుగ దిగాల్సిన నల్లపట్టీ, అదే ఏసీఎల్, లేనే లేదు, ఆ జాగల బూడిదరంగు మసక. లోపలి మెనిస్కస్‌ల తెల్లటి గీత, అది చినుగు. సంక్రాంతి ఆటల చినిగి ఉండొచ్చు అన్నడు. దసరా అప్పుడే తెలుస్తే వాన్ని గ్రౌండ్‌కు పోనిస్తుంటిమా? నాకు ఇప్పటికీ అదే బాధ.

ఎక్స్‌రే తప్పు చెప్పలే, దానికి లిగమెంటు కనవడదు, అంతే. టక్కుమనుడు, గంటలల్ల వాచుడు, తర్వాత జారుడు ఉంటే "ఏం లేదు" అన్న మాటతోని ఇంటికి రావద్దు. అట్లని ఎవ్వలు రాయకుండనే సీదా స్కాన్‌కు ఉరుకుడు గూడ సరిగాదు. మా నాయినకు ఇప్పుడు తీస్తే ఆయన మెనిస్కస్‌ల గూడ ఏదో చినుగు రావొచ్చు, ఆ వయసుల నొప్పి లేనోళ్లకు గూడ వస్తయట. పాత దెబ్బయితే, సగమే తెగితే స్కాన్ ఒక్కదాంతోని తేల్చుడు కష్టం, డాక్టరు చేయి పెట్టి చూసిందీ, ఫిల్ముల ఉన్నదీ కలవాలె. ఇంకోటి, రిపోర్ట్ కాయితం ఒక్కటే పట్టుకపోవద్దు, ఫిల్ములు, సీడీ గూడ తీసుకపోండ్రి. ఆపరేషన్ చేసినాయన కాయితం పక్కన పెట్టి బొమ్మలే చూసిండు.

తొడ వెనుక కండను ఎముకకు కట్టి ఉంచే నార (టెండన్) తీసి దాంతోని కొత్త లిగమెంటు ఏసిన్రు, నాలుగు నెలలైంది. తొమ్మిది నెలలు దాటేదాక కూతకు పోవద్దన్నరు. పొద్దుగాల లేవంగనే గోడకు ఈపు ఆనిచ్చి సగం కూసుంటడు, నేను అంకెలు లెక్కవెడ్త.