పాత ఏడు సీట్ల బండి కొన్నాను: ఇంజను కాదు, బ్యాంకు కాగితం ఏడిపించింది

నిన్న మధ్యాహ్నం బండి రిజిస్ట్రేషన్ పత్రం, అంటే ఆర్‌సీ, నా పేరుకు మారింది. అందులోంచి బ్యాంకు పేరు కూడా పోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. తక్కువ డబ్బుతో ఇంటిల్లిపాదికీ సరిపోయే బండి కొనబోయేవారికి అందరూ ఇంజను గురించీ మైలేజీ గురించీ చెబుతారు. కాగితాల దగ్గర ఎంత నలిగిపోవాలో ఎవరూ చెప్పరు.

అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అన్నీ కలుపుకొని నాలుగు లక్షలు దాటకూడదని లెక్క వేసుకున్నాం. ఆ ధరకు దొరికే పెద్ద బండ్లలో చాలావాటిని చూసీ చూడగానే వదిలేశాను. షెవర్లే తవేరా, ఎంజాయ్ చవకగా వస్తాయి, కానీ ఆ కంపెనీ 2017లోనే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. డాట్సన్ గో ప్లస్ చివరి వరుసలో పిల్లలు తప్ప పెద్దవాళ్లు కూర్చోలేరు, ఆ బ్రాండు కూడా 2022లో వెళ్లిపోయింది. మా డబ్బుకు వచ్చే ఇన్నోవాలు ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగి అలసిపోయినవి. ఒక బ్రోకరు ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బండి చూపించి, సగం ధరకే ఇప్పిస్తానన్నాడు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, అందుకే అలాంటివి ఇటు వచ్చాయి. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలంటే లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ మాట బ్రోకరు నోట రాలేదు. నేను అడిగాక తల ఊపాడు. అడగకపోతే చెప్పని మనిషితో బేరం పెట్టుకోకండి.

చివరికి 2014 ఎర్టిగా పెట్రోలు బండి దొరికింది. అమ్మేవారు రిటైరైన ఉపాధ్యాయుడు, రెండో యజమాని. బండిని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూస్తానని ముందే చెప్పాను. ముందుగా వేడి చేసి ఉంచిన ఇంజను తన జబ్బులు దాచేస్తుంది. మా మెకానిక్ ఆయిల్ మూత తీసి చూశాడు, పొగ రంగు చూశాడు, కింద పడుకుని తుప్పు చూశాడు. నేను టైర్లు చూశాను. టైరు పక్కన ఉండే కోడులో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2317 అంటే 2017లో 23వ వారం. గీతలు లోతుగానే ఉన్నా నాలుగు టైర్లూ ముసలివని ఆ అంకెలతో చూపించి గట్టిగానే ధర తగ్గించుకున్నాను. ఈ విషయంలో నేను బాగా బేరమాడానని ధైర్యంగా చెప్పుకుంటాను. ఇంకో పని కూడా చేశాను, అందరూ చేయాలి: నాన్నను మూడో వరుసలో కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద తిప్పాను. వెనక ఏసీ గాలి అందుతోందా, మోకాళ్లు ముడుచుకుపోతున్నాయా, బెల్టు పడుతోందా అన్నది ముందు సీట్లో కూర్చున్నవారికి తెలియదు.

ఇంతవరకు హాయిగా సాగింది. తర్వాత ఆర్‌సీ చేతికి తీసుకుంటే అందులో ఒక బ్యాంకు పేరు ఉంది. మాస్టారు ఆ బండిని అప్పు తీసుకుని కొన్నారు, 2024లోనే పూర్తిగా తీర్చేశారు. అప్పు తీరింది, మాకు అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ కాగితం బీరువాలో భద్రంగా ఉంది. "అప్పు లేదు కదా బాబూ, ఇంకేమిటి?" అన్నారాయన. అప్పు తీరడం వేరు, ఆర్‌సీలోంచి ఆ పేరు తొలగడం వేరు. అప్పిచ్చినవారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా యజమాని పేరు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ చెబుతోంది. అమ్మేవారి వైపు నుంచి ఫారం 29, పేరు మార్పుకు ఫారం 30, బ్యాంకు పేరు తీయడానికి ఫారం 35 కావాలి. మొదటి రెండూ ఒక్క పూటలో అయిపోయాయి.

రవాణా కార్యాలయంలో గుమాస్తా ఎన్‌ఓసీని రెండు చోట్ల తప్పుపట్టాడు. గడువు దాటిపోయింది. అంతకంటే ముఖ్యం, ఒక్కో బండికి విడిగా ఉండే ఛాసిస్ నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం టైపు చేశారు. చూపుకు రెండూ ఒకటే. కానీ పదిహేడు స్థానాల ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు, అంకెలతో కలిసిపోతాయని. అంటే ఆ కాగితం మీద ఉన్న నంబరుతో ప్రపంచంలో ఏ బండీ ఉండదు. గుమాస్తా మీద నాకు కోపం లేదు. ఆయన తన పని సరిగ్గా చేశాడు.

కోపమంతా ఆ బ్యాంకు శాఖ మీదే. మాస్టారుతో కలిసి వెళ్లాను. అక్కడి అధికారి కాగితం వంక కూడా చూడకుండా, ఇది లోన్ల విభాగం పని, అక్కడికి వెళ్లండి అన్నాడు. ఊరికి ఆ చివర ఉన్న లోన్ల విభాగం, శాఖ నుంచి మెయిల్ వస్తేనే ముట్టుకుంటాం అంది. తిరిగి శాఖకు వచ్చాం. ఈసారి నేను ఛాసిస్ నంబరు ఫోటో చూపించి తప్పు వివరించబోయాను.

"మీరెవరు?"

"బండి కొంటున్నవాణ్ణండి."

"లోను ఆయనది. మీతో నాకు పని లేదు. బయట కూర్చోండి." అంతటితో ఆగలేదు. వరుసలో నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా, "డబ్బుంటే కొత్త బండే కొనుక్కునేవారు. ఈ పాత ఇనుముకి ఇంత హడావిడా?" అన్నాడు.

మా ఆవిడ నా పక్కనే ఉంది. ఆ డబ్బు ఎన్నేళ్లు కూడబెట్టామో ఆమెకు తెలుసు. కుర్చీలో కూర్చున్నవారు గుర్తుంచుకోవాలి: ఎదురుగా నిలబడ్డ మనిషి అడుక్కోవడానికి రాలేదు, మీరు చేసిన తప్పు దిద్దమని అడగడానికి వచ్చాడు. బయటికి వచ్చాక మాస్టారు నా చేయి పట్టుకుని, "పోనీలే బాబూ, బండి తీసుకెళ్లిపో, కాగితాలు నిదానంగా చూసుకుందాం" అన్నారు. మంచితనంతో అన్న మాటే, కానీ ఒప్పుకోలేదు. పేరు మారని బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారం రికార్డులో ఉన్న యజమాని మెడకే చుట్టుకుంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆయనకు చెప్పాక, నాకంటే ఆయనే పట్టుదలగా కదిలారు.

ఆ రాత్రి కూర్చుని ఫిర్యాదు రాశాను. బ్యాంకు ఖాతాదారు ఆయన కాబట్టి సంతకం ఆయనది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలని, తాకట్టు నమోదును తొలగించాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు. అసలు ఉనికిలోనే లేని నంబరుతో కాగితం ఇస్తే ఇచ్చినట్టు కాదని, జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతామని రాశాం. శాఖలో ఇచ్చి, మన ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. అదే ఫిర్యాదును బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ కూడా పంపాం. నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా కదలని ఫైలు ఆ ముద్రతో కదిలింది. అదే అధికారి మాస్టారుకు స్వయంగా ఫోను చేసి "రండి సార్" అన్నాడు. కొత్త ఎన్‌ఓసీలో ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూశాను. ఫారం 35 మీద సీలు ఉంది, సంతకం లేదు. అక్కడే నిలబడి చేయించాను. ఆ మనిషి క్షమాపణ చెప్పలేదు. నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఇంత జరిగినా నిలబడగలిగానంటే డబ్బు నా చేతిలో ఉండబట్టే. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని కొద్ది మొత్తమే బయానా ఇచ్చాను. మిగతాది ఆర్‌సీలో బ్యాంకు పేరు పోయి, నా పేరు ఎక్కిన రోజునే ఇస్తానని అందులో రాయించాను. బ్రోకర్లు దీన్ని ఒప్పుకోరు. వద్దనే బ్రోకరు దగ్గరే బండి కొనాలని ఎవరూ నిర్బంధించలేదు.

ఇన్సూరెన్సు మార్పుకు అమ్మకం జరిగిన 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, బండితో రాదు, పాత యజమానితోనే ఉంటుంది, అందువల్ల ప్రీమియం పెరుగుతుంది. ఆ తేడాను ముందే బడ్జెట్‌లో పక్కన పెట్టుకోండి. ఫాస్టాగ్‌ను మాస్టారు మూసేయించారు, నా పేరు మీద కొత్తది తీసుకున్నాను. టైర్లు వచ్చే నెల జీతంతో మారుస్తాను.