సర్కారు బస్సులో లేహ్ దాకా

లదాఖ్ అనగానే మనవాళ్లకి బుల్లెట్ బండి, హెల్మెట్‌కి తగిలించిన కెమెరా గుర్తొస్తాయి. నేను ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండులో హిమాచల్ ఆర్టీసీ బస్సెక్కాను. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి, ఏసీ లేదు, పడుకునే వీల్లేదు, మంచు కరిగి కనుమలు తెరుచుకున్నాకే నడిచే సర్వీసు. మళ్లీ వెళ్లినా ఇదే బస్సులో వెళ్తాను.

మనాలి దాకా చెప్పుకోడానికి పెద్దగా లేదు, రాత్రంతా కునికిపాట్లే. ఆ తర్వాత అటల్ సొరంగం. 2020లో అది తెరిచేదాకా బస్సులు దాదాపు 4,000 మీటర్ల ఎత్తున్న రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాల్సి వచ్చేది, ఇప్పుడు 9 కిలోమీటర్లు కొండ కడుపులోంచే పోయి లాహౌల్ లోయలో తేలతాం. తాండి దగ్గర చంద్ర, భాగా నదులు కలిసి చీనాబ్ అవుతాయి.

కీలాంగ్‌లో ఆగి, తెల్లవారుజామున చీకట్లోనే మళ్లీ బయల్దేరాం. నా పక్కన ఒక లదాఖీ పెద్దావిడ. వెనక సీట్లనిండా జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి రోడ్డు పనికి వస్తున్న కుర్రాళ్లు, రేకు పెట్టెలు, రగ్గుల మూటలు. బారాలాచా కనుమ కింద సూరజ్ తాల్ అనే చెరువు కనిపించింది. తాండిలో అంత హోరుగా ఉరికిన భాగా పుట్టేది ఈ కాస్త నీళ్లలోనే అంటే నమ్మబుద్ధి కాలేదు.

సర్చూ దాటాక గాటా లూప్స్ వస్తాయి, 21 మలుపులు. ఒక మలుపులో ఎదురుగా లారీ దిగుతోంది. కండక్టర్ దూకి వెనక్కి పరుగెత్తి విజిల్ ఊదుతుంటే, డ్రైవర్ అద్దంలో చూస్తూ బస్సుని అంగుళం అంగుళం వెనక్కి తీశాడు, వెనక చక్రం పక్కన గులకరాళ్లు లోయలోకి జారడం నా కిటికీలోంచి కనిపిస్తోంది. లారీ వెళ్లిపోగానే ఆయన ఏమీ జరగనట్టు పాట పెట్టాడు. అలాంటి డ్రైవర్లకి ఎంత జీతమిచ్చినా తక్కువే అనిపించింది.

లాచుంగ్ లా అనే కనుమ దగ్గర, 5,000 మీటర్లు దాటాక, ఒక కుర్రాడికి వాంతులు మొదలయ్యాయి. మొదటిసారి వస్తున్నాడట. పెద్దావిడ లేచి వెళ్లి ఫ్లాస్కులో వేడినీళ్లు తాగించి, చేతిలో ఎండు ఆప్రికాట్లు పెట్టి, తల తన భుజమ్మీద ఆనించుకుని కూర్చుంది. ఆవిడకి అతని భాష రాదు, అతనికి ఆవిడది రాదు.

చలికాలమంతా మూసుకుపోయే ఈ రోడ్డుని సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్‌ఓ ఏటా మళ్లీ తెరుస్తుంది. వాళ్ల పసుపు బోర్డుల మీద రాసిన సూక్తులకి అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ బోర్డుల పక్కనే మొహానికి గుడ్డ చుట్టుకుని, మామూలుగా నడిస్తేనే ఆయాసం వచ్చే ఎత్తులో తారు కాస్తూ, రాళ్లు మోస్తూ కనిపించేవాళ్లు ఈ దుమ్కా కుర్రాళ్లలాంటివాళ్లే. ఆ పొగ పీలుస్తూ నెలల తరబడి ఉంటారు. వాళ్ల సంగతి ఏ యాత్రా వీడియోలోనూ సరిగ్గా చూపించరు, నాకు అది చాలా కష్టంగా అనిపించింది.

మోరే మైదానంలో, గుడారాల పక్కన, బస్సులోని కుర్రాళ్లు దిగిపోయారు. గాలికి బస్సు తలుపు నిలవడం లేదు. కండక్టర్ టాప్ ఎక్కి పెట్టెలు ఒక్కొక్కటే అందించాడు. జబ్బుపడిన కుర్రాడు తన మూట తనే ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత టాంగ్లాంగ్ లా, 5,328 మీటర్లు, దారి మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఇదే. ఉప్షీలో సింధు నది పక్కకి దిగాక తలనొప్పి తగ్గింది. లేహ్ చేరేసరికి చీకటి పడింది.

వెళ్లాలనుకునేవాళ్లు కీలాంగ్‌లో ఒక రాత్రి ఆగండి, ఒళ్లు ఎత్తుకి అలవాటు పడుతుంది. లేహ్‌లో మొదటి రెండు రోజులు పెద్దగా తిరగొద్దు. నీళ్లు కొన్ని ఎక్కువే పట్టుకెళ్లండి, రోడ్డు పని దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి అందించొచ్చు.