బఠాణీ చేనికి కాపలా

వేటంటే తెల్లవారుజామున లేవాలేమో అనుకుని ఫోన్‌లో నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. పెద్దాయన చూసి తీసేయమన్నారు. "పావురాలు పొద్దున్నే కొంచెం తిని చెట్లెక్కుతాయి. మళ్లీ పదీ పదకొండుకి దిగుతాయి. మనకి తొమ్మిది చాలు" అన్నారు. ఆయన ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఆఫీసులో చాలా ఏళ్లు నాకు సీనియర్. రిటైరయ్యాక కూడా నెలకోసారి ఫోన్ చేసేవారు. నేను రైతు కొడుకునని ఆయనకు తెలుసు. అందుకే ఈ ఏప్రిల్ చివర్లో "రెండు రోజులు లింకన్‌షైర్ రా, బఠాణీ చేలకి కాపలా కాయాలి" అని పిలిచారు. వేటకి రమ్మనలేదు, కాపలాకి రమ్మన్నారు. ఆ మాట విన్నాక వెళ్లకుండా ఉండలేకపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం పీటర్‌బరో నుంచి బయల్దేరాను. స్పాల్డింగ్, బోస్టన్ దాటేదాకా నేలంతా బల్లపరుపు. ఒకప్పుడు ఇదంతా చిత్తడి. కాలువలు తవ్వి, నీళ్లు తోడి చేలు చేసుకున్నారు. బోస్టన్ చర్చి గోపురం ఎత్తు 80 మీటర్ల పైనే. అడ్డుగా ఒక్క గుట్ట కూడా లేదు కాబట్టి అది మైళ్ల దూరం నుంచి మనతో పాటే వస్తున్నట్టు కనిపిస్తుంది. బోస్టన్ దాటాక కాసేపటికి నేల మెల్లగా లేస్తుంది. లింకన్‌షైర్ వోల్డ్స్ అనే సుద్ద కొండలివి. కొండలంటే మన నల్లమల లాంటివి కావు, మెత్తటి మిట్టలు. రేప్ అనే ఆవజాతి నూనెగింజల పంట పూతకొచ్చి మిట్టలకి మిట్టలే పసుపు రంగులో ఉన్నాయి. మధ్యలో ముళ్ల కంచెలు అప్పుడే లేత ఆకు తొడుగుతున్నాయి.

మేం వెళ్లిన చేను దాదాపు నలభై ఎకరాలు. బఠాణీ మొలిచి రెండంగుళాలు ఉంది. ఈ జిల్లాలో పండే బఠాణీలో చాలాభాగం ఫ్రీజర్ ప్యాకెట్లలోకే పోతుంది. కోసిన గింజ రెండున్నర గంటల్లో గడ్డకట్టాలన్నది ఈ పంటలో లెక్క. కోతలన్నీ ఒక్కసారి మీద పడకూడదని ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా విడతలుగా విత్తుతారు. ఒక చేలో గింజలన్నీ ఒకే రోజుకి ఒకే లేతదనంలో ఉండాలి. పావురం వచ్చి చిగురు తుంచితే మొక్క చావకపోవచ్చు. పక్క కొమ్మ వేసి మళ్లీ పెరుగుతుంది. కానీ వారం వెనకబడుతుంది. కోతనాటికి సగం చేను ముదిరి, సగం చేను పాలగింజగా ఉంటే ఆ రైతు నష్టపోయినట్టే. రైతు మమ్మల్ని గట్టు మీద నడిపించి ఒక మూల చూపించారు. మొక్కలకి తలలు లేవు, కాడలు మాత్రమే నిలబడి ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. జొన్న చేలో చిలకలు తినేసిన కంకుల్ని మా నాన్న ఇలాగే చేత్తో తడిమి వదిలేసేవారు.

మాది నంద్యాల వైపు. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు మా తాత మంచె దిగేవాడు కాదు. వడిసెలలో మట్టి ఉండ పెట్టి తిప్పి వదిలితే అది చేను అవతల పడేది. వెనకే ఆయన కేక. చంపడానికి కాదు, తోలడానికి. లింకన్‌షైర్ రైతు కూడా తోలే ప్రయత్నాలన్నీ చేశారు. గంటకి కొన్నిసార్లు దానంతట అదే ఢామ్మని పేలే గ్యాస్ గన్ చేలో ఉంది. గద్ద ఆకారంలో గాలిపటం ఎగురుతోంది. మూడు రోజులు భయపడ్డ పావురాలు నాలుగో రోజు గ్యాస్ గన్ పక్కనే మేస్తున్నాయట.

ఇక్కడ చట్టం గురించి కొంచెం చెప్పాలి. బ్రిటన్‌లో అన్ని పిట్టల్నీ సరదాకి కాల్చుకోమని ఎవరూ వదిలేయలేదు. సీజన్‌లో వేటాడే ఫెజంట్ లాంటి కొన్నింటిని మినహాయిస్తే అడవి పక్షులన్నింటికీ రక్షణ ఉంది. పంటకి తీవ్రమైన నష్టం జరగకుండా ఆపడానికి కొన్ని జాతుల్ని మాత్రమే కాల్చడానికి ఇంగ్లండ్‌లో జనరల్ లైసెన్స్ అనే ఉమ్మడి అనుమతి ఉంది. ఇప్పుడున్నది జీఎల్42. మామూలు మార్గాల్లో తోలి చూడాలి, ఎందుకు కాల్చాల్సి వచ్చిందో చెప్పగలగాలి. ఆ జాతుల పట్టికలో మన రామచిలుక కూడా ఉంది! లండన్ చుట్టుపక్కల పెంపుడు పంజరాల నుంచి తప్పించుకుని వేలల్లో పెరిగిన జాతి. ఆ పేరు చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. నాకు షాట్‌గన్ సర్టిఫికెట్ లేదు. అయితే 2017లో చేసిన చట్టం ప్రకారం, సర్టిఫికెట్ ఉన్న మనిషి పక్కనే ఉంటే, అనుమతి ఉన్న ప్రైవేటు భూమిలో ఆయన తుపాకి తీసుకుని కాల్చవచ్చు. అంతకుముందు రెండు ఆదివారాలు పెద్దాయన నన్ను క్లే గ్రౌండ్‌కి తీసుకెళ్లి గాల్లోకి ఎగరేసే పళ్లేల్ని గురి చూసి కాల్పించారు. బాగా వచ్చిందని ఆయనకి నమ్మకం కుదిరాకే ఇక్కడికి పిలిచారు.

శుక్రవారం సాయంత్రం తుపాకులు బయటికే తీయలేదు. కారు పక్కన నిలబడి రెండు గంటలు బైనాక్యులర్స్‌తో ఆకాశం చూశాం. పావురాలకి దారులుంటాయి. అడవి తోపు నుంచి బూరుగంత ఎత్తున్న ఒంటరి యాష్ చెట్టు దాకా, అక్కడి నుంచి కంచె వెంబడి చేలోకి. ఒక పిట్ట వచ్చిన గీత మీదే తర్వాతి పిట్టా వస్తుంది. "రేపు మన పని ఈ గీత కింద కూర్చోవడమే. తప్పు చోట కూర్చుంటే ఎంత గురి ఉన్నా దండగ" అన్నారు పెద్దాయన.

శనివారం మేం నలుగురం. పెద్దాయన, హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి నేరుగా వచ్చిన ఒక నర్సు, రిటైరైన పోస్ట్‌మన్, నేను. కంచెకి ఆనించి రెండు చోట్ల కర్రలు పాతి, వల కప్పి, కొమ్మలు గుచ్చి మాటులు కట్టాం. హైడ్ అంటారు. గాలి మా వీపు వైపు నుంచి వీచేలా చూసుకున్నారు. పావురం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి మా ముఖాల వైపే వస్తుంది. పాతిక గజాల దూరంలో ప్లాస్టిక్ బొమ్మ పావురాల్ని గుర్రపు నాడా ఆకారంలో పెట్టి, మధ్యలో ఖాళీ వదిలారు, వచ్చే పిట్టలు దిగడానికి. పక్కన బ్యాటరీ మీద గిరగిరా తిరిగే రెండు చేతుల యంత్రం, రెండు చేతులకీ రెక్కలు చాచిన పావురాలు. రెక్క మీద తెల్ల పట్టీ మెరుస్తుంటే దూరాన పోయేవి కూడా మలుపు తిరుగుతాయి. మా ఊళ్లో కౌజులు పట్టేవాళ్లు పంజరంలో ఎరగా దీమం పిట్టని పెట్టేవాళ్లు. దీమం అన్న మాట నోట్లోంచి బయటికి వచ్చి ఇరవై ఏళ్లయి ఉంటుంది. పోస్ట్‌మన్ ఆ మాటని రెండుసార్లు పలికించుకుని, "డీమం" అని చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఆ నోట్‌బుక్ గురించే చెప్పాలని నాకు ఆశ. పోస్ట్‌మన్ తుపాకి వదిలేసి చాలాకాలమైంది. భుజం దెబ్బతింది, ఒక కంటి చూపు తగ్గింది. అయినా ప్రతిసారీ వస్తారు. మాటు వెనక మడత కుర్చీలో కూర్చుని, పడ్డ పిట్ట ఎక్కడ పడిందో చూసి గుర్తు పెట్టుకోవడమే ఆయన పని. "కంచె మూడో గుంజకి ఎడమ, పది అడుగులు." "చెట్టు నీడ అంచున." తేదీ, గాలి, చేను, పంట, ఎన్ని పడ్డాయి, ఎన్ని దొరికాయి. చివరి రెండు అంకెలు సమానమయ్యేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఇది వాళ్లు ముగ్గురూ పెట్టుకున్న నియమం.

పదిన్నరకి మొదటిది వచ్చింది. వుడ్‌పిజన్ మన గుళ్ల మీద ఉండే పావురం కంటే పెద్దది, అరకిలో తూగుతుంది. మెడ పక్కన తెల్ల మచ్చ, రొమ్ము గులాబీ ఛాయలో బూడిద రంగు. దీనిలాంటిదే చిన్న పిట్ట ఇంకొకటి ఉంది, స్టాక్ డవ్. దానికి తెల్ల మచ్చ ఉండదు, దాన్ని ముట్టకూడదు. ఒకటి మా బొమ్మల మీదికే వచ్చింది. నేను తుపాకి ఎత్తబోతే పెద్దాయన నా మోచేయి మీద చేయి వేశారు. అది స్టాక్ డవ్. కాసేపు బొమ్మల మధ్య తిరిగి ఎగిరిపోయింది.

పొద్దున నేను కాల్చిన తూటాలు పద్దెనిమిది, పడినవి మూడు. పిట్ట మీద కాదు, పిట్ట పోతున్న చోటికి కాల్చాలి. వెనక ఆకాశం కనిపిస్తేనే కాల్చాలి, కంచె కనిపిస్తే వద్దు. మూడోది వెంటనే చావలేదు. రెక్క ఈడ్చుకుంటూ చాళ్ల మధ్య పరిగెత్తింది. నర్సు కాల్చడం ఆపేసి, ఇంకే పిట్ట వస్తున్నా చూడకుండా, నల్ల లాబ్రడార్‌ని వదిలారు. అరనిమిషంలో కుక్క తెచ్చింది, పెద్దాయన క్షణంలో ముగించారు. నా చేతులు వణికాయి. "వణకాలి. వణకని వాడితో నేను కూర్చోను" అన్నారాయన. తర్వాత చాలాసేపు మేం మాట్లాడుకోలేదు. ఆ మౌనం నాకు బరువుగా అనిపించలేదు.

మధ్యాహ్నం వాన పడింది. నలుగురం ఒకే వల కిందికి చేరాం. ఫ్లాస్కులో టీ, వాళ్ల పోర్క్ పై, నేను తెచ్చిన పులిహోర, చెగోడీలు. నర్సు మోకాళ్ల మీద తల పెట్టి పది నిమిషాలు నిద్రపోయారు. వాళ్లు రాజకీయాలు మాట్లాడలేదు, ఉద్యోగాలు మాట్లాడలేదు. పాతికేళ్ల కిందట ఫలానా చేలో ఫలానా గాలికి పావురాలు ఎలా తిరిగాయో మాట్లాడుకున్నారు. తేదీ దగ్గర తేడా వస్తే నోట్‌బుక్ తీర్పు.

నాకున్న అనుమానం అప్పుడే అడిగాను. దేశంలో యాభై లక్షల జతల వరకు ఉన్నాయంటారు, మనం కాల్చే కొన్నింటితో తగ్గుతాయా? పెద్దాయన తగ్గవన్నారు. 1950ల్లో, 60ల్లో ప్రభుత్వమే తూటాలకి సబ్సిడీ ఇచ్చి కాల్పించిందట. రొనాల్డ్ మర్టన్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్‌షైర్ చేలలో ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, పావురాల సంఖ్యని తేల్చేది తుపాకి కాదు, చలికాలపు తిండి అని చూపించారు. ఆ తర్వాత చలికాలమంతా పచ్చగా ఉండే రేప్ పంట పెరిగింది, పావురాలూ పెరిగాయి. "మనం తగ్గించడానికి కూర్చోలేదు. ఈ మూడు వారాలు ఈ చేలో దిగనివ్వకుండా కూర్చున్నాం. మొక్క జానెడు లేస్తే మేం ఇటు రాం" అన్నారు. మా తాతకి ఇది చెబితే ఒక్కసారికే అర్థమయ్యేది.

వాన వెలిశాక నేను తుపాకి తీసుకోలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. పోస్ట్‌మన్ పక్కన తన కోటు పరిచి చోటిచ్చారు. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఎడమ వైపు, నేను కుడి వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయనకి కనిపించని కంటి వైపు నాది. ఐదు గంటలకి లెక్క నలభై ఒకటి, దొరికినవి నలభై. ఆ ఒక్కదాని కోసం నలుగురం, కుక్క, ముప్పావు గంట వెతికాం. నేను యాష్ చెట్టు దగ్గర పడ్డట్టు గుర్తని పట్టుబట్టాను. అక్కడే, పోయినేటి ఆకుల కింద దొరికింది. పోస్ట్‌మన్ పెన్ను నాకిచ్చి ఆ రోజు వరస నన్నే రాయమన్నారు. తెలుగులో రాయమన్నారు. పడినవి 41, దొరికినవి 41, గాలి నైరుతి, చేను బఠాణీ. ఖాళీ తూటా గొట్టాలన్నీ ఏరి సంచిలో వేసుకుని, కర్రలు పీకి, రైతు గడపలో ఆరు పావురాలు పెట్టి వచ్చాం. మిగతావి మాంసం కొనే వ్యాపారికి, మా ఇళ్లకి.

నా వాటా నాలుగు. ఇంటికొచ్చి శుభ్రం చేస్తుంటే ఒకదాని మెడ కింద సంచి నిండా బఠాణీ చిగుళ్లు, ఇంకా పచ్చగా. పళ్లెంలో పరిచి లెక్కపెట్టాను, డెబ్బై దాటాక ఆపేశాను. రొమ్ము మాంసం మిరియాలు, వెల్లుల్లి వేసి వేపుడు చేశాను. ముదురు రంగు, మేక కాలేయానికి దగ్గరి రుచి. ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే గట్టిపడుతుంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట సంగతి అందరికీ తెలిసిందే. నాన్న వేట గురించి ఏమీ అడగలేదు. "డెబ్బై చిగుళ్లా?" అన్నారు. కాసేపాగి, "ఆయనకి ఒక కన్ను కనబడదంటివే, మళ్లీ ఎప్పుడు పోతావు?" అన్నారు. అటక మీద తాత వడిసెల ఉందేమో చూడండి, పోస్ట్‌మన్‌కి చూపించాలి అన్నాను. రెండు రోజుల తర్వాత కబురు చెప్పారు. ఉందట. ఒక తాడు ఎలుకలు కొట్టేశాయట. గోగునార తెప్పించి కొత్త తాడు పేనిస్తున్నారు.