కురుమూర్తి జాతరలో అవ్వ మొక్కు

ఆరాంఘర్ దగ్గర మహబూబ్‌నగర్ బస్సు ఎక్కడం ఎట్లుంటదో పాలమూరోళ్లకు నేను చెప్పక్కర్లేదు. కార్తీకంలో, అదీ కురుమూర్తి జాతర రోజుల్లో అయితే ఇంక అడగొద్దు. బస్సు ఆగకముందే అమ్మ నా భుజం మీది తువ్వాల లాగి కిటికీలోంచి లోపలికి విసిరింది. ఆ సీటు మాదే అయింది. సీటంటే ఒకటే, అమ్మకు. నేను జడ్చర్ల దాకా నిలబడే ఉన్నాను.

కండక్టర్ ఆధార్ కార్డు చూసి అమ్మకు జీరో టికెట్ కొట్టిచ్చాడు. నా దగ్గర పైసలు తీసుకున్నాడు. షాద్‌నగర్ దాటేదాకా అమ్మ ముఖంలో నవ్వు పోలేదు.

"మీ అవ్వ ఉంటేనా, ఈ బస్సు దిగకపోతుండె" అంది.

ఆడోళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. అవ్వ ఆ ఏడు ఎండాకాలమే పోయింది. చార్జీకి పైసలు దండగని దేవరకద్ర సంతకు నెత్తిన గంప పెట్టుకుని నడిచిపోయిన మనిషికి ఫ్రీ బస్సు యోగం లేదు. నాకు ఆ సంగతి మీద ఇప్పటికీ కోపమే. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

మహబూబ్‌నగర్‌లో బస్సు మారి దేవరకద్ర వైపు పోతుంటే రోడ్డు సగం వడ్లు ఎండబోసి ఉన్నాయి. పొలాల్లో కోత మిషన్లు. నా చిన్నప్పుడు ఇదే రోడ్డు మీద దసరా అయిపోగానే బొంబాయి బస్సులు కనిపించేవి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని నాయిన, అమ్మ ఎక్కేవాళ్లు. తిరిగొచ్చేది తొలకరికే. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టిందని అందరూ గొప్పగా చెప్తారు. ఊర్లో వాళ్ల పిల్లల్ని సాకిన ముసలోళ్ల పేర్లు ఏ మస్టర్ రోల్‌లోనూ ఎక్కలేదు.

నన్నూ చెల్లెనూ సాకింది అవ్వే. విత్తనానికి పల్లికాయ ఒలిచే కూలి చేసేది. రాయితో కొడితే గింజ పగులుతుందని, పగిలిన గింజ మొలవదని, ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి ఒలిచేది. ఆ గోరు నడిమికి చీలి, చీలికలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉండేది. ఎంత కడిగినా పోయేది కాదు. వచ్చిన కూలి వక్కల సంచిలో పోయేది. అందులోంచి మా పలకలకు, బలపాలకు, అప్పుడప్పుడు బొంగుపేలాలకు వచ్చేవి. జాతర పైసలు మాత్రం వేరే ముడి. దాని జోలికి ఎవరూ పోకూడదు. చెల్లెకు జ్వరమొచ్చినప్పుడు కూడా పక్కింట్లో చేబదులు తెచ్చింది గానీ ఆ ముడి విప్పలేదు.

దేవరకద్ర నుంచి జాతర దాకా ప్రయాణం గురించి రాయను. ఆటోవాడు అడిగిన రేటు తలచుకుంటే బీపీ లేస్తది.

కొండ కింద ఇసుకేస్తే రాలనంత జనం. ముందురోజే ఉద్దాలు వచ్చాయట. ఉద్దాలంటే కురుమూర్తి స్వామి పాదుకలు. చిన్న వడ్డెమాన్‌లో దళితులు నిష్ఠగా ఉండి తోలుతో తయారుచేస్తే, ఊరేగింపుగా తెస్తారు. వాటిని తల మీద పెట్టించుకుంటే పాపాలు పోతాయని నమ్మకం. అవ్వ తనకంటే ముందు మమ్మల్ని తోసేది. బడికి పోయే పిల్లలకు ఏం పాపాలుంటాయో మరి.

మేం వచ్చింది అవ్వ మిగిల్చిన దాసంగం, అంటే కొత్త కుండలో వండే నైవేద్యం మొక్కు, పెట్టడానికి. కొత్త కుండకు నూటయాభై, పిడికెడు కట్టెలకు వంద. "కట్టెలకా, చందనానికా?" అని అమ్మ గొడవ పెట్టుకుంది. తీరా అవి పచ్చికట్టెలు. మూడు రాళ్లు పెట్టి, కుండకు పసుపు పూసి, బియ్యం బెల్లం వేసినం గానీ మంట లేవదు. పొగకు ఇద్దరి కళ్లూ ఎర్రబడ్డాయి.

"సచ్చి కూడా నాతో పొయ్యి ఊదిస్తుంది ముసల్ది" అంది అమ్మ.

పక్క పొయ్యి పెద్దమ్మ నవ్వి, ఎండిన కంపపుల్లలు కొన్ని ఇటు తోసింది. "ఎవరి మొక్కు బిడ్డా?" అంది.

"మా అత్తది."

"మంచిదా మీ అత్త?"

అమ్మ ఊదడం ఆపి ఆలోచించింది. "మంచిదేంది పెద్దమ్మా, నోరిప్పితే తిట్లే. ఒక ఏడు వీన్ని నా వెంబడి బొంబాయి తీస్కపోత అంటే బస్సుకు అడ్డం పండుకుంది. పిలగాడు బడికి పోవాలె, మీరు పోయి మట్టి మోయిండ్రి అన్నది. బస్సోళ్లంతా నన్నే తిట్టిరి."

ఈ ముచ్చట నాకు తెలియదు. అవ్వ దశదిన కర్మ రోజు మైకులో మాట్లాడినవాళ్లంతా ఓపిక, త్యాగం, భూదేవి అన్నారు. నాకు అప్పుడే చిరాకేసింది. ఓపిక ఎక్కడిది ఆమెకు? గొంతు లేస్తే రెండు వాడలకు వినపడేది.

జాతరలో అయితే అసలే ఆగేది కాదు. దాసంగం కాగానే మిర్చీలు తినేది, గాజులు బేరం చేసేది, చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య దోపుకుని రంగులరాట్నం ఎక్కేది. ఆ వయసులో! పైకి పోయినప్పుడల్లా కిందున్న మమ్మల్ని పేర్లు పెట్టి అరిచేది. నాకు సిగ్గయ్యి కొట్ల వెనక దాక్కునేవాణ్ణి.

కుండ దించాక అమ్మతో అన్నాను: "అంత పైకెక్కితే మీరు పోయిన బొంబాయి రోడ్డు కనపడతదని ఎక్కేదేమో."

అమ్మ చేతులు కడుక్కుంటూ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.

"రోడ్డు లేదు, ఏం లేదు. ఆమెకు అదంటే ఇష్టం. నాకు కడుపుల తిప్పుతది, నేనైతే ఎక్క. నువ్వు ఎక్కుతవా ఏంది? వద్దు, టికెట్టు వంద అంట."